ఫీజు అడిగిన లాయరమ్మ

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకీ నమస్కారం. నల్లకోట్లు విప్పకుండానే కోర్టు నుంచి నేరుగా వచ్చిన వకీళ్ళకి నమస్కారం. డ్యూటీ మధ్యలో బండి పక్కన ఆపి వచ్చిన డ్రైవరన్నలకి, షిఫ్టు మార్చుకుని వచ్చిన నర్సమ్మలకి, కుర్చీలు చాలక గోడవారన నిలుచున్న మీ అందరికీ నమస్కారం. ముందు వరసలో మా లాయరమ్మ కూతురు కూర్చుని ఉంది. అమ్మాయీ, నీకు ఏం చెప్పాలో పదకొండు రోజులుగా నాకు తోచడం లేదు. అందుకే ఈ పదకొండు రోజులూ నీకు కనబడకుండా తప్పించుకు తిరిగాను. ఇవాళ అందరి ముందూ మాట్లాడతాను, నువ్వు కూడా విను.

నేను ఆమె గుమాస్తాని. ఇరవై మూడేళ్ళు ఆమె ఫైళ్ళు మోశాను. పదకొండు రోజుల క్రితం, మధ్యాహ్నం రెండింటికి, ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం నడుం వాల్చుదామన్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. నేను పక్క గదిలో ఫైలుకి దారం కడుతున్నాను. పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఇరవై మూడేళ్ళలో నేను రెండోసారి పిలవాల్సి రావడం అదే మొదలు. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు.

నాకంటే ముందు ముగ్గురు పెద్దలు మాట్లాడారు. ఆమె ఫీజు గురించి ఏనాడూ పట్టించుకోలేదని ఒకరన్నారు. డబ్బంటే ఆమెకి గడ్డిపరకతో సమానమని ఇంకొకరన్నారు. మూడో ఆయన ఏకంగా ఆమెని దేవతని చేసేశారు. అందరూ తలలూపారు. నేను మాత్రం పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. అయ్యా, చిన్నవాణ్ణి, గుమాస్తాని, క్షమించండి. మీరు ముగ్గురూ అబద్ధం చెప్పారు.

ఆమె ఫీజు అడిగారు! గట్టిగా అడిగారు. బల్ల గుద్ది అడిగారు. జడ్జిగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ అడిగారు. తనకి రావాల్సిన దాంట్లో ఒక్క నిమిషం కూలి కూడా వదులుకోలేదు. కానీ ఎవరిని అడిగారు? అదీ చెప్పాల్సింది. అది చెప్పకుండా దేవత, త్యాగమూర్తి అంటే, ఆమె జీవితమంతా చేసిన పని మీద దుప్పటి కప్పేసినట్టే.

ఇక్కడ కోర్టు సంగతులు తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. బండి గుద్దింది. కాలు విరిగింది. బీమా ఉంది. ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషికి కూలి, ఇవన్నీ బీమా కంపెనీ ఇవ్వాలి. ఇస్తుందా? కాగితం తెమ్మంటుంది. తెస్తే ఇంకో కాగితం అడుగుతుంది. కాళ్ళరిగేలా తిరుగుతారు, అదీ ఒక కాలు విరిగి ఉన్నప్పుడు. చివరికి ఒక వకీలుని పట్టుకుంటారు. వకీలు గెలిపిస్తాడు. గెలిచినదాంట్లో మూడో వంతు తను తీసుకుంటాడు. అంటే ఏమైనట్టు? మూడు నెలల జీతం రావాల్సినవాడికి రెండు నెలల జీతం వచ్చింది. ఆలస్యం చేసింది కంపెనీ. జరిమానా కట్టింది మాత్రం మంచాన పడ్డవాడు. ఇదెక్కడి న్యాయమండీ?

దీనికి విరుగుడుగా మన చట్టంలోనే ఒక చిన్న వాక్యం ఉంది. సరైన కారణం లేకుండా కంపెనీ డబ్బు ఆపితే, ఆ మనిషి వకీలు ఫీజు కూడా కంపెనీయే కట్టుకోవాలని. ఒకే ఒక్క వాక్యం. ఈ ఊరి వకీళ్ళందరూ దాన్ని చదువుకున్నారు, పరీక్ష రాశారు, మర్చిపోయారు. మా లాయరమ్మ మర్చిపోలేదు. అంతే తేడా.

నేను ఆమె దగ్గరికి ఎలా చేరానో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అప్పట్లో పెద్దాసుపత్రిలో నన్ను ఇంకుప్యాడు అని పిలిచేవాళ్ళు. ఎందుకంటే నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇంకుప్యాడు ఉండేది. ఎముకల వార్డులో ఎవరైనా కొత్తగా చేరారని తెలిస్తే చాలు, డాక్టరు కంటే ముందు నేను వాలిపోయేవాణ్ణి. ఒక వకీలు దగ్గర పని చేసేవాణ్ణి, ఆయన పేరు వద్దు, ఆయన కూడా పోయారు. వచ్చే డబ్బులో మూడో వంతు ఆయనకి, ఖర్చులు వేరే, ఇదీ కాగితం. మత్తు మందు దిగకముందే వేలు పట్టుకుని అద్దించేవాణ్ణి. వేలుకి యాభై నాకు. తలకాయకి కాదు, వేలుకి!

ఒకరోజు తాపీమేస్త్రి ఒకతను తుంటి విరిగి పడి ఉన్నాడు. అతని వేలు నా చేతిలో ఉంది, ఇంకు అంటించాను కూడా. వెనక నుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. చూస్తే ఒక పొట్టి ఆవిడ, చంకలో ఫైలు. అరవలేదు, తిట్టలేదు. తన చేతిగుడ్డ తీసి ముందు ఆ మేస్త్రి వేలు తుడిచారు. తర్వాత నాతో ఒకే మాట అన్నారు, "పడుకున్న మనిషి చేత సంతకం పెట్టించకూడదు బాబూ. లేచి కూర్చోనీ. చదువుకోనీ. కాదనే ఓపిక రానీ."

నేను ఆ మాట విని మారిపోయానని అనుకుంటున్నారా? లేదు. నవ్వుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాను. ఆమె వెళ్ళాక మళ్ళీ వచ్చి మేస్త్రి వేలు అద్దించుకున్నాను కూడా. ఏడాదిన్నర తర్వాత ఆ మేస్త్రి కర్ర పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కోపంగా కాదు. చదివి పెట్టమని ఒక కాగితం తెచ్చాడు. వచ్చినదాంట్లో మూడో వంతు ఫీజు పోయింది. టైపుకింత, రానుపోను ఖర్చులకింత, ఇంకేదో దానికింత, అదీ పోయింది. మిగిలినది చూసి, స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి ఒక ఇనప కడ్డీ బిగించుకోవాలి, దానికి సరిపోతుందా అని నన్ను అడిగాడు. సరిపోదు. గోడలు కట్టే మనిషి, తన ఇంట్లో తన గోడకి ఒక కడ్డీ బిగించుకోలేకపోయాడు. ఆ సాయంత్రమే నేను లాయరమ్మ ఆఫీసు మెట్లెక్కాను. జీతం ఎంతని కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది, చాలా తక్కువ.

ఇప్పుడు నా రెండో ఘనకార్యం వినండి. వకీళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళకి తెలుసు.

కంపెనీ చేత ఫీజు కట్టించాలంటే, ఎంత పని చేశామో కోర్టుకి నిమిషాలతో సహా చూపించాలి. అందుకని ఆమె చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని పని చేసేవాళ్ళు. ఏ ఫైలుకి ఎన్ని నిమిషాలు, అన్నీ రాసేవాళ్ళు. కంపెనీ ఆఫీసులో ఆమెని చూడగానే, అదిగో గడియారం వచ్చింది అని గుసగుసలాడుకునేవాళ్ళు. ఆమె రాత ఎలా ఉండేదంటే, ఉత్తరం రాయడం పద్దెనిమిది నిమిషాలు. డాక్టరు కోసం వరండాలో కూర్చోవడం గంటా పది. తప్పు బస్సెక్కి వెనక్కి రావడం నలభై నిమిషాలు, నా మతిమరుపు, ఇది అడగను. ఫైలు ముందు కునుకు తీశాను పదిహేను నిమిషాలు, అడగను. ఇలా ప్రతి పేజీలోనూ అడగనివి నాలుగైదు ఉండేవి.

మొదటి పెద్ద ఫీజు పిటిషన్ వచ్చింది. సాఫీగా తిరగరాసే పని నాకు అప్పగించారు. నేను చూశాను. ఏమిటీ కునుకు తీయడం, తప్పు బస్సెక్కడం! జడ్జిగారు చదివితే మా లాయరమ్మ పరువేం కావాలి? అడగనివన్నీ కొట్టేశాను. పద్దెనిమిది నిమిషాలు, ఏడు నిమిషాలు, ఇవేం బాగున్నాయి, గంటకి గంట అయితే చూడ్డానికి నిండుగా ఉంటుందని ప్రతి ముక్కనీ గంట చేశాను. ఎంత శ్రద్ధగా రాశాననుకున్నారు! ముత్యాల్లాంటి అక్షరాలు. కోర్టులో కంపెనీ వకీలు లేచి ఆ కాగితం పట్టుకుని, చాలా మర్యాదగా, ఒక బుధవారం నాటి పని మొత్తం కూడి చూపించాడు. ఆ బుధవారం మా లాయరమ్మ ఇరవై ఏడు గంటలు పని చేశారు.

కోర్టు కోర్టంతా ఘొల్లుమంది. నా గుమాస్తా పొరపాటు అని నన్ను చూపించి చేతులు దులుపుకోవచ్చు ఆమె. ఎవరు కాదంటారు? ఆమె లేచి, "తప్పుడు కాగితం మా ఆఫీసు నుంచి వచ్చింది, కాబట్టి అది నా తప్పే" అని తన చేతిరాత పుస్తకం తీసి ఇచ్చారు. జడ్జిగారు ఆ కునుకులూ ఆ తప్పు బస్సులూ అన్నీ చదివారు. చదివి, ఆ కేసులో ఫీజు మొత్తం కొట్టేశారు. నాలుగు నెలల పని గాలికి పోయింది. ఆమె ఫైలు సర్దుకున్నారు. బయటికొచ్చాక నాతో అన్నారు, "నా పని నాకు చాలు. నువ్వు దానికి కలపకు, తీసెయ్యకు." అంతే. మర్నాడు ఇంకో కేసు లెక్క మళ్ళీ నాకే ఇచ్చారు తిరగరాయమని. ఆనాటి నుంచి ఆమె పుస్తకంలోని అంకెని ఏ జడ్జీ రెండోసారి అడగలేదు. కంపెనీ వాళ్ళు మాత్రం ఇరవై ఏడు గంటల లాయరమ్మ అని పదేళ్ళు వెక్కిరించారు. వెక్కిరిస్తూనే కట్టారు!

ఇక అసలు సంగతికి వస్తున్నాను. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. ఇంకాసేపు ఓపిక పట్టాలి.

మూడో వరసలో చివరి కుర్చీలో దర్జీ అక్క కూర్చుని ఉంది. ఆమె భర్త సరుకుల వ్యాను నడిపేవాడు. వెనక నుంచి బండి గుద్దితే తలకి దెబ్బ తగిలి, మనిషి బతికాడు కానీ మంచం మీద నుంచి లేవలేడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తినిపించాలి, కడగాలి. అదంతా అక్కే చేస్తుంది. ఇంట్లో కనిపెట్టుకునే మనిషికి కూలి ఇవ్వాలని చట్టం చెప్తోంది. కంపెనీ ఏమని రాసిందో తెలుసా? భార్య చేసేది ఆప్యాయతతో చేసే పని, దానికి కూలి వర్తించదు అని. పద్నాలుగు నెలలు ఆపారు. ఒకే డాక్టరు సర్టిఫికెట్టు ఆరుసార్లు తెప్పించుకున్నారు. ఆప్యాయత అట! వాళ్ళ ఆఫీసులో ఆప్యాయంగా పనిచేసే వాళ్ళకి జీతాలు మానేశారా?

మా లాయరమ్మ ఏం చేశారంటే, గడియారం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళారు. పొద్దున ఆరింటికి వెళ్ళి ఒక స్టూలు మీద కూర్చుని, దర్జీ అక్క చేసే ప్రతి పనికీ నిమిషాలు రాశారు. తిప్పడం తొమ్మిది నిమిషాలు. పక్క గుడ్డలు మార్చడం పదహారు. తినిపించడం యాభై రెండు, మధ్యలో రెండుసార్లు పొలమారింది. మిషను మీద కుట్టుపని మొత్తం రోజులో గంటన్నర. మిగిలినదంతా భర్త దగ్గరే. సాయంత్రానికి అది చూసి దర్జీ అక్కే ఆశ్చర్యపోయింది, నేనింత పని చేస్తున్నానా అని. ఇరుగుపొరుగు ఆమెని అంతదాకా ఇంట్లోనే ఉంటుంది కదా అనేవాళ్ళు.

ఆ కాగితం మీదే కేసు గెలిచాం. అక్క కూలి పూర్తిగా ఇవ్వమన్నారు. అంతేకాదు, ఆలస్యానికి కారణం లేదు కాబట్టి లాయరమ్మ ఫీజు కూడా కంపెనీయే కట్టాలన్నారు. ఫీజు అక్క కూలికి మూడు రెట్లయింది. కంపెనీ అప్పీలుకి వెళ్ళింది. దేని మీద? కూలి మీద కాదు. ఫీజు మీద! క్లెయిము చిన్నదైతే ఫీజు కూడా చిన్నదే ఉండాలట. వినడానికి ఎంత బాగుంది! అప్పీలు తేలేదాకా అక్క కూలి కూడా ఆపి కూర్చున్నారు.

ఎందుకో ఆలోచించండి. అక్క కూలి ఒక్క ఇంటి సంగతి. ఫీజు తీర్పు ఊరందరి సంగతి. చిన్న క్లెయిముకి చిన్న ఫీజే అంటే, రెండేళ్ళు పోరాడితే ఏ వకీలుకి గిట్టుతుంది? ఏ వకీలూ ముట్టుకోడు. ఎవరూ ముట్టుకోరని తెలిస్తే కంపెనీ హాయిగా ఆపుకోవచ్చు. మా లాయరమ్మ అందుకే అనేవాళ్ళు, "తలుపు మూసింది వాళ్ళు. నేను తట్టినంతసేపూ కూలి వాళ్ళే ఇవ్వాలి. తొందరగా తీస్తే తక్కువ పడుతుంది." ఇందులో అత్యాశ ఏముంది?

ఆ అప్పీలు విచారణ సోమవారం. ఆమె పోయిన నాలుగో రోజున అమ్మాయికి కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ముందు ప్రగాఢ సంతాపం. తర్వాత ఒక ప్రతిపాదన. దర్జీ అక్క కూలి బకాయి వారం రోజుల్లో కట్టేస్తారట. అమ్మాయికి గౌరవంగా ఒక మొత్తం ఇస్తారట, అది ఫీజు కంటే కూడా ఎక్కువ! ఈ హాలు పక్కనున్న లైబ్రరీలో లాయరమ్మ పేరుతో ఒక గాజు బీరువా పెట్టిస్తారట. బదులుగా రెండు పక్షాలూ కలిసి ఫీజు తీర్పు రద్దు చేయమని కోర్టుని కోరాలట. చూశారా, డబ్బుకి కాదు వాళ్ళ ఏడుపు. ఎక్కువైనా ఇస్తారు, తీర్పు మాత్రం ఉండకూడదు. అయ్యా, ఆ బీరువాలో ఏ పుస్తకం పెడతారు? ఆ ఒక్క వాక్యం ఉన్న పేజీ చించేసి పెడతారా?

అమ్మాయికి డబ్బు అవసరం లేదని నేను చెప్పను. ఆఫీసు అద్దె బాకీ ఉంది. స్కూల్లో పాఠాలు చెప్పే జీతం ఎంతో మీకు తెలుసు. దర్జీ అక్కకి అవసరం లేదా? భర్త కోసం అద్దెకి తెచ్చుకున్న ఆసుపత్రి మంచం తాలూకు వాళ్ళు బాకీ కోసం వచ్చి రెండుసార్లు హెచ్చరించి వెళ్ళారు. అమ్మాయి ఆ ఉత్తరం పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. నా సంగతి వదిలెయ్, నీకు కావాలంటే నేను సంతకం పెడతానంది. అక్క కుట్టే మిషను ఆపకుండానే విన్నది. విని ఒక మాట అంది. "నా కూలి ఎలాగూ నాకు రావాల్సిందే. ఆవిడ కూలి ఎగ్గొట్టడానికి నా కూలిని ఎర వేస్తారా?" ఆ ఉత్తరం సంతకం లేకుండా ఇప్పుడు నా జేబులో ఉంది. కంపెనీ తరఫున ముగ్గురు పెద్దలు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. అయ్యా, సభ అయ్యాక తీసుకెళ్ళండి. మడత కూడా నలగలేదు.

వకీళ్ళూ, ఇప్పుడు మీతో ఒక మాట. ఈ పదకొండు రోజుల్లో ఆ ఫైలు పట్టుకుని నేను పంతొమ్మిది గుమ్మాలెక్కాను. సోమవారం వాదించమని అడిగాను. అందరూ ఆమెని మెచ్చుకున్నారు. ఒకరికి కళ్ళు చెమర్చాయి కూడా. తర్వాత నీళ్ళు నమిలారు. ఆరోజు ఖాళీ లేదన్నారు. మీలో సగం మందికి కంపెనీ ఫైళ్ళు వస్తాయని నాకు తెలియదా? మిగతా సగం రేపు వస్తాయని ఎదురుచూస్తున్నారని తెలియదా? ఆ పంతొమ్మిది మందిలో ముగ్గురు ఇందాక ఇదే మైకు ముందు ఆమె దేవతని చెప్పారు. కడుపు మండి చెప్తున్నాను, ఏమనుకున్నా సరే. ఆమెకి దండం పెట్టేవాళ్ళు అక్కర్లేదు. ఆమె ఫైలు పట్టుకునేవాళ్ళు కావాలి.

ఎవరూ రాలేదు. రాకపోతే ఆగిపోతుందా? వకీలు లేకపోతే తన మాట తనే చెప్పుకోవచ్చని కోర్టు నిబంధన ఉంది. సోమవారం దర్జీ అక్క మాట్లాడుతుంది. పక్కింటావిడ ఆ పూట భర్తని చూసుకుంటానంది. నాలుగు రోజులుగా సాయంత్రాలు అక్క మిషను పక్కన నేను ఫైలు చదువుతున్నాను, ఆమె కుడుతూ వింటోంది. తీర్పులో ఏ పేరాలో ఏముందో ఇప్పుడు నాకంటే ఆమెకే బాగా తెలుసు. నిన్న నేను ఒక తేదీ తప్పు చదివితే సరిదిద్దింది. భయం లేదా అని అడిగాను. ఉందంది. భయం ఉంటే మాత్రం, వెళ్ళకుండా ఉంటానా అంది.

ఓడిపోవచ్చు. ఆ సంగతి మాకు తెలియక కాదు. ఓడిపోతే అక్క కూలి ఇంకా ఆలస్యమవుతుంది, అమ్మాయి ఆఫీసు ఖాళీ చేస్తుంది, నాకు ఉద్యోగం ఉండదు. అయినా ఆ తీర్పుని మా చేత్తో మేం చింపం. చింపాలనుకుంటే వాళ్ళు జడ్జిగారి ముందు, అందరూ చూస్తుండగా, కారణం చెప్పి చింపమనండి. ఇరవై మూడేళ్ళు ఆమె చేసింది అదే. ఊరికే ఆపకండి, కారణం చెప్పండి అని అడగడమే.

ఇక నేను ముగిస్తాను. ఆమె కోసం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. ఈ హాల్లో లేవలేని వాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు, అందరూ ఆమె క్లయింట్లే. మీరు లేవక్కర్లేదు తల్లీ, లేవక్కర్లేదు నాయనా, మీ బదులు మేం లేస్తాం. అమ్మాయీ, నువ్వు ఏడుపొస్తే ఏడు, ఎవరూ ఏమీ అనుకోరు. వెనక వరసలో ఉన్న కంపెనీ పెద్దలూ, మీరు కూడా లేవండి. సోమవారం పదిన్నరకి దర్జీ అక్క మాట్లాడుతున్నప్పుడు మీకు మౌనం చాలా అవసరమవుతుంది. ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

లేవండి.